ఎత్నా చెప్పిన నీలం

బొమ్మ రైలింజనుకు రంగు వేసి వారం దాటింది. వార్నిష్ మాత్రం ఇంకా పడలేదు. ఎత్నా కిటికీ దగ్గర కూర్చుని, తల కాస్త పక్కకు వాల్చి చూసి, "అదే" అన్నాకే మాలకీ బెర్న్ వార్నిష్ డబ్బా మూత తీసేవాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో అదే పద్ధతి. వార్నిష్ పడితే ఇక రంగు మార్చడం కుదరదు. మార్చాలంటే అంతా గీకేసి మళ్లీ ఇత్తడి దాకా రావాలి.

డండాక్ ఊళ్లో బొమ్మ ఇంజన్లు చేసేవాళ్లకు ఈ నీలం ఒక తీరని తగువు. గ్రేట్ నార్తర్న్ రైల్వే వాళ్ల ప్రయాణికుల ఇంజన్లు నీలంగా ఉండేవని అందరికీ తెలుసు. ఏ నీలమన్నదే గొడవ. ఫోటోలన్నీ నలుపు తెలుపువి. కళ్లారా చూసిన ముసలాళ్లను అడిగితే తలా ఒక నీలం చెబుతారు. పాపం, వాళ్లు చూసింది మసి పట్టిన ఇంజన్లను మరి. మసి పట్టకముందు, డబ్బాలో తడిగా ఉండగా ఆ రంగును చూసిన మనిషి వాళ్ల బొమ్మ ఇంజన్ల క్లబ్బు మొత్తానికి ఒక్క ఎత్నాయే. ఆమె తండ్రి రైల్వే కార్ఖానాలో రంగులు వేసేవాడు. చిన్నప్పుడు ఆయనకు మధ్యాహ్నం తిండి పట్టుకెళ్లేది ఆమే.

మాలకీ ఈ ఊరివాడు కాదు. రాస్‌కామన్ నుంచి చెప్పుల ఫ్యాక్టరీలో పనికి వచ్చాడు. వచ్చేసరికే కార్ఖానా మూతపడింది, నీలం ఇంజన్లు పాత ఇనుము కింద పోయాయి. డాన్సు హాల్లో ఎత్నా పరిచయమైన సాయంత్రం, ఆమె రంగులాయన కూతురని తెలిసిన మరుక్షణం ఈ మహానుభావుడు డాన్సు సంగతే మరిచిపోయాడు. హాలు మూసేదాకా నీలం గురించే అడిగాడు. ఇంకొకతె అయితే లేచి వెళ్లిపోయేది. ఎత్నా పెళ్లి చేసుకుంది.

పోయిన చలికాలం నుంచి ఆమెకు మతి నిలవడం లేదు. టీ కెటిల్ బట్టల బీరువాలో దొరికింది. ఒక ఉదయం చర్చికి బయలుదేరి బస్టాండులో తేలింది. మాలకీ ఎవరికీ చెప్పలేదు. క్లబ్బువాళ్లు అడిగితే జలుబనీ, మోకాలి నొప్పనీ దాటేస్తూ వచ్చాడు. అన్నీ ఒక్కొక్కటే ఆరిపోతున్నా ఆమెలో ఆ నీలం మాత్రం చెక్కుచెదరకుండా ఉందని అతని నమ్మకం. ఆ నమ్మకం పట్టుకునే రోజులు నెట్టుకొస్తున్నాడు. అది కూడా పోయిందేమోనన్న భయంతోనే వారం రోజులుగా ఇంజనును ఆమె ముందు పెట్టలేదు.

ఇదే అతని ఆఖరి ఇంజను. వేళ్లు వణుకుతున్నాయి, ఆవగింజంత రివెట్లు ఇక పట్టుకోలేడు. దీన్ని ఊరి మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడతారట. పెట్టాక ఇక డండాక్‌లో నీలమంటే అదే. అందుకే క్లబ్బు కార్యదర్శి ఫీలిక్స్ రాఫర్టీ అడ్డం తిరిగాడు. ఎక్కడో ఒక రైతు కోళ్లగూటికి కప్పుగా వేసుకున్న ఇంజను రేకు దొరికిందట అతనికి. దాన్ని గీకి, చూసి, తనూ ఒక నీలం కలిపాడు. అది మాలకీ నీలం కన్నా ముదురు.

శనివారం ఫీలిక్స్ రానే వచ్చాడు. చేతిలో రంగు పూసిన ఇత్తడి ముక్క ఉంది.

"టీ పొయ్యి, మాలకీ. ఓడిపోయాక ఎలాగూ పొయ్యవు," అన్నాడు కోటు విప్పుతూ.

"కోళ్ల రెట్టలో నాని ముదిరిన నీలాన్ని మ్యూజియంలో పెడతామా?"

"రెట్టా గిట్టా అన్నీ కడిగాకే గీకాను. అయినా మన ఇద్దరి వాగుడు ఎందుకు? మీ ఆవిడ 'అదే' అంటే నా ముక్క కాలవలో పారేస్తా. ఆమె నోట వింటే చాలు."

మాలకీ టీ కెటిల్ వైపు తిరిగాడు. "ఈవేళ ఒంట్లో బాగాలేదు తనకి. ఇంకోరోజు చూద్దాంలే."

"కిటికీలో కూర్చుని నాకు చెయ్యి ఊపిందిగా! ఏంట్రా నువ్వు, భయమా?"

ఇక తప్పలేదు. ఎత్నా కిటికీ పక్క కుర్చీలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. జుట్టు మాలకీయే దువ్వాడు, పాపిడి కొంచెం వంకర పోయింది. ఫీలిక్స్ ఆమె ముందున్న బల్ల మీద తన ముక్క పెట్టాడు. మాలకీ తన నీలం పూసిన ముక్క దాని పక్కన పెట్టి, వెనక్కి జరిగి, నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె తడబడితే చూసే ధైర్యం అతనికి లేదు.

"ఏది ఎత్నా, మీ నాన్న నీలం?" అని ఫీలిక్స్ ముందుకు వంగాడు. ఊపిరి బిగబట్టి ఆమెనే చూస్తున్నాడు.

ఎత్నా మాలకీ వైపు చూసింది. అతని నెత్తి తప్ప ఏమీ కనబడలేదు. ఫీలిక్స్ వైపు చూసింది. తల పక్కకు వాల్చింది, ఎప్పటిలాగే. తర్వాత వేలు తిన్నగా తీసుకెళ్లి ఫీలిక్స్ ముక్క మీద ఆనించింది.

"అదే," అంది.

మాలకీ తలెత్తి చూశాడు. అతని దిగులు ఫీలిక్స్ గెలిచాడని కాదు. ఆ ఒక్కటీ కూడా పోయిందని.

ఫీలిక్స్ నవ్వబోయాడు. అంతలో ఆమె, "టీ తాగుతారా? అమ్మ ఇప్పుడే వస్తుంది," అంది అతనితో. ఫీలిక్స్ నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. ఆమె తల్లి శవపేటిక మోసినవాళ్లలో అతనూ ఒకడు. వంకర పాపిడి చూశాడు, గుండీలు తప్పి పెట్టిన స్వెటర్ చూశాడు, మాలకీ మొహం చూశాడు. నోరు పెద్దదే గాని, మనిషి చెడ్డవాడు కాదు. తన ముక్క తీసి జేబులో వేసుకున్నాడు.

"నీదే అంది రా," అన్నాడు కోటు తొడుక్కుంటూ. "నేను విన్నాను కదా. క్లబ్బులో నేనే చెబుతాను."

"ఫీలిక్స్..."

"నీదే అంది. వార్నిష్ వేసెయ్యి." వాకిట్లో ఆగి, "చెప్పొచ్చుగా వెధవా, ఇన్నాళ్లూ," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

మాలకీ వచ్చి ఎత్నా ఎదురుగా కూలబడ్డాడు. ఎత్నా అతన్ని కొత్తమనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది.

"మీరు ఈ ఊరేనా?" అని అడిగింది.

ఇంతవరకూ పేర్లు మరిచింది, రోజులు మరిచింది, అతన్ని మాత్రం మరవలేదు. "కాదు," అన్నాడు ఎలాగో. "రాస్‌కామన్."

"మా ఆయనా... ఆయనదీ ఆ ఊరే. ఇంకా పెళ్లి కాలేదులెండి," అని సిగ్గుపడింది. కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించింది. "మీకొకటి చెబుతాను. ఆయనతో అనకండి."

"అననులే."

"మా నాన్న వేసింది నల్ల రంగే. గూడ్సు ఇంజన్లకి. నీలం షెడ్డులోకి నన్ను ఎప్పుడూ రానివ్వలేదు. డబ్బా మూత తీసి చూసిందీ లేదు, ఏమీ లేదు."

మాలకీ తల తిప్పి చూశాడు. గోడ అలమరాలో ఎన్నేళ్ల నీలం ఇంజన్లో వరసగా నిలబడి ఉన్నాయి.

"ఆయన అంత ఆశగా అడిగాడండీ. తెలీదంటే లేచి పోతాడేమోనని తెలుసన్నాను. ఇప్పుడు ముక్కలు తెచ్చి చూపిస్తాడు. నేను ముక్కలు చూడను, ఆయన మొహం చూస్తాను. దేనికి ఊపిరి బిగబడతాడో దానికి 'అదే' అంటాను." కిలకిలా నవ్వింది. నవ్వు చప్పున పోయి కళ్లలో బెదురు నిండింది. "తెలిస్తే రాడు కదూ?"

మాలకీకి కోపం రావలసింది. ఒక జీవితకాలపు పని గాలికి పోయినట్టే మరి. కోపానికి బదులు ఏడుపు వచ్చింది, దాన్ని పళ్ల బిగువున ఆపాడు. ఇందాక తను తలొంచుకుని నిలబడ్డ సంగతి గుర్తొచ్చింది. ఆమెకు చూడటానికి ఫీలిక్స్ మొహం ఒక్కటే మిగిల్చాడు.

"తెలిసినా వస్తాడు," అన్నాడు.

"మీకేం తెలుసు?"

మాలకీ లేచి, ఇంజనును రెండు చేతులా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఈసారి తల దించుకోలేదు. ఆమెకు ఎదురుగా వంగి నిలబడ్డాడు.

ఎత్నా ఇంజను వైపు చూడనేలేదు. తల పక్కకు వాల్చి, అతని మొహాన్నే చాలాసేపు చూసింది.

"అదే," అంది. "మీకూ అదే ఇష్టం కదండీ?"

మాలకీ వార్నిష్ డబ్బా మూత తీశాడు.