జాడీ కింద పరిచిన పుస్తకం

నేను ఒక వీడియో గేమ్ మాన్యువల్‌ని. ధనలక్ష్మి వంటింటి అలమర తుడిచి, అరల్లో పరవడానికి పాత కాగితాలు ఏరుతుంటే ఆమె చేతికి చిక్కాను.

పుట్టినప్పుడు నాకు మంచి మర్యాదే ఉండేది. ఆట తయారు చేసినవాళ్లు తెర మీద పట్టని కథంతా నాలో అచ్చువేసి, డబ్బాలో అన్నిటికన్నా పైన పెట్టారు. ధనలక్ష్మి భర్త చిన్నప్పుడు ఆ డబ్బా విప్పగానే నన్ను పక్కకు నెట్టి గేమ్ క్యాసెట్ అందుకున్నాడు. తర్వాత అదంతా తమ్ముడు భార్గవ పాలైంది. కరెంటు పోయినప్పుడు విసురుకోవడానికి తప్ప అతను నన్ను ముట్టుకోలేదు. దారి చెప్పేదాన్ని ఒళ్లో పెట్టుకుని మరీ దారి తప్పడం మనుషులకే చేతనవును.

కొన్నాళ్లుగా భార్గవ ఆటలో ఏటి ఒడ్డునే నిలబడిపోయాడు. పడవవాడు ఎక్కించుకోడు. ఈ సాయంత్రం ఏరు దాటి చూపిస్తానని స్నేహితులతో పందెం కాశాడు. దాటకపోతే వీధిలో నవ్వులపాలే. ఫోనంతా గాలించాడు. ఇంత పాత ఆట సంగతి అందులో ఎవరూ చెప్పలేదు.

ధనలక్ష్మి పల్లెటూరి బడిలో చదువుకుంది. మందుల డబ్బా మీది అక్షరాలు కూడా వదలదు. నన్నూ నిలబడే, వేలు పెట్టి, నిదానంగా చదివింది.

"భార్గవా, ఆ పడవవాడికి వెలుతురంటే భయమంట. చేతిలో దీపం ఆర్పేసి పిలవాలంట."

"పుస్తకం చూసి ఆడితే అది ఆటెలా అవుద్ది వదినా? పరీక్షవుద్ది."

"పరీక్షలకి మాత్రం ఏం చూశావులే! ఆ మార్కులు నాకు తెలీవా?"

"జాయ్‌స్టిక్ పట్టుకోవడం రాదుగానీ నాకు చెప్పొచ్చింది. ముందు నీ జాడీ సంగతి చూసుకో."

"చూసుకుంటాలే, నాయనా."

నన్ను అరలో పరిచి, నా మీద ఆవకాయ జాడీ పెట్టి, బియ్యం కడగడానికి పెరట్లోకి వెళ్లింది. నెత్తిన అంత బరువు పడినా నేను బెంగపడలేదు. నాలో ఉన్న మాట నిజం. జాడీ కింద ఉన్నా నిజమే.

కాసేపటికి ముందుగది నుంచి, ఆటలో ఇన్నాళ్లూ మోగిన ఏటి ఒడ్డు పాట ఆగి కొత్త పాట మొదలైంది. వెంట తెడ్ల చప్పుడు. పెరట్లో ధనలక్ష్మి బియ్యం కడిగే చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

వంటింట్లోకి అడుగులొచ్చాయి. జాడీ లేచి నేల మీదికి దిగింది. భార్గవ నన్ను లాగి, అట్ట మీద గుండ్రంగా అంటిన నూనెను ప్యాంటుకు తుడిచి, చొక్కాలో దోపుకున్నాడు. ఏటి అవతల అడవి ఉందని ఇప్పుడే చూశాడు మరి. ఆ అడవిలో దారి కూడా నా దగ్గరే ఉంది.

తలెత్తేసరికి పెరటి గుమ్మంలో వదిన, చేతిలో బియ్యం గిన్నె. అతను నేల మీది జాడీని తీసి అరలో పెట్టాడు. చెప్పులు వేసుకుని, పందెం కాసిన స్నేహితుల్ని పిలుచుకు రావడానికి వీధిలోకి వెళ్లిపోయాడు.