చేతికివ్వని ఉప్పు

చదవకుండా ఏ కాగితాన్నీ పొట్లానికి చింపడు వెంకట్రాములు. మెదక్ బజారులో మదన్ మోహన్ సేటు కిరాణా కొట్లో పద్దెనిమిదేళ్లుగా ఆయన పని అదే. పాత పత్రికలు చింపడం, పప్పూ ఉప్పూ తూచడం, పొట్లం కట్టడం. పురికొస ఒరిసి ఒరిసి బొటనవేలు కాయ కాచింది. పాపం, లోకంలో ఏ సంగతైనా ఆయనకు సగమే తెలుసు. మిగతా సగం ఎవరింటికో బెల్లంతో వెళ్లిపోయి ఉంటుంది.

ఆ ఉదయం చేతికొచ్చిన ముక్కలో ఒక సర్వేయరు సంగతి ఉంది. ఎక్కడో కొండల్లో దారి తప్పి నలభై రోజులు ఒంటరిగా బతికాడట. మాట మరిచిపోతానేమోనని చెట్లకు పేర్లు పెట్టి పిలిచేవాడట. ఆకలిని ఓర్చుకున్నాడు గానీ ఉప్పు లేక తట్టుకోలేకపోయాడు. చెమట తుడిచిన అరచేతిని నాకేవాడట. నలభై ఒకటో రోజు దూరంగా పొగ కనబడింది. అక్కడితో కాగితం చిరిగిపోయింది.

ఇక చూడాలి ఆయన అవస్థ! కట్టలన్నీ విప్పి, కాలుగాలిన పిల్లిలా కొట్టంతా తిరిగాడు. మిగతా ముక్క దొరకలేదు.

తమ్ముడు ఎల్లం ఉగాదికి ముందు రజాకార్లతో పోరాడే దళంతో కలిసి పోచారం అడవి పట్టాడు. రజాకార్లు పోయారు, మిలిట్రీ వచ్చింది, దసరా వెళ్లింది. ఎల్లం మాత్రం రాలేదు. అడవిలో ఉన్నవాళ్లను ఇప్పుడు మిలిట్రీయే వెతుకుతోంది. వాడు పోయిననాడు వెంకట్రాములు మండిపడ్డాడు. "పోనీ. నాల్గు దినాలైతే ఉప్పుకు మొగం వాసి వాడే వస్తడు." ఆ మాట గుర్తొస్తే తన నోరే తనకు చేదు.

వారం వారం అంగడినాడు ఎల్లం భార్య యాదవ్వ వచ్చి రెండు శేర్ల ఉప్పు కొంటుంది. ఇంట్లో ఆమె ఒక్కతే. అంత ఉప్పు ఎందుకని ఆయన ఏనాడూ అడగలేదు. ఉప్పు చేతికిస్తే వైరం కదా, పొట్లం బల్ల మీద పెడతాడు, ఆమె తీసుకుంటుంది. తీసుకెళ్లినంత కాలం తమ్ముడు బతికున్నట్టే.

ఈరోజు మూడు శేర్లు పోశాడు.

"ఏంది వెంకట్రాములూ, తరాజు మొగ్గుతుంది," అన్నాడు సేటు.

"మొగ్గనియ్యుండ్రి సేటు. మనోళ్లకే."

ఆ సర్వేయరు కాగితంలోనే కట్టాడు. ఎల్లంకు అక్షరాలు దిద్దించింది తనే. చదువుకుంటాడు, అడవిలో బతుకుతున్నవాడు గనుక ఆ మనిషి పొగ దాకా చేరి ఉంటాడో లేదో వాడే వచ్చి చెబుతాడు.

మధ్యాహ్నం ముసురులో తడుస్తూ యాదవ్వ వచ్చింది.

"పావు శేరు చింతపండు ఇయ్యుండ్రి బావా."

ఆయన ఉప్పు పొట్లం ముందుకు జరిపాడు. "ఇగో, జర ఎక్కువనే కట్టిన."

"ఉప్పు ఒద్దు." ఆమె సేటు వైపు చూసి గొంతు తగ్గించింది. "మొన్న మీ తమ్మున్ని కాల్చిండ్రట. అడివిలనే మన్ను చేసిండ్రు. రాత్రి దళం మనిషొచ్చి చెప్పిపోయిండు. బజార్ల ఏడ్వకుండ్రి బావా, మిలిట్రోళ్లు తిరుగుతున్నరు."

వెంకట్రాములు పొట్లం తీసి ఆమె చేతికే చాపాడు. "తీస్కపో బిడ్డా. వానికనే కట్టిన."

"ఉప్పు చేతికియ్యరు బావా. కింద వెట్టుండ్రి."

పెట్టాడు. చింతపండు తూచాడు, కట్టాడు, ముడి వేశాడు. ఆమె అది తీసుకుని వెళ్లిపోయింది. ఆయన తర్వాతి బేరానికి కాగితం చింపాడు, ఈసారి చదవకుండానే.

సేటు తలుపులు వేసేవేళకు ఉప్పు పొట్లం బల్ల మీదే ఉంది. ముసురుకు చెమ్మగిల్లి అక్షరాలు అలుక్కుపోయాయి, పొగ కనబడిందన్న వరుస మాత్రం ఇంకా చదవడానికి వస్తోంది.