వెట్టి కాని పని

అది పందొమ్మిది వందల నలభై ఆరు ఎండాకాలం. నాగపూర్ నుంచి కాలేజీ విద్యార్థులు కొందరు పారలు, గడ్డపారలు భుజాన వేసుకుని బస్తర్ అడవుల్లోని ఒక దోర్ల గిరిజనుల ఊరికి చేరేసరికి ఊళ్ళో ఎవరూ లేరు. పొయ్యిల మీద జావ ఉడుకుతూనే ఉంది. మనుషులు మాత్రం అడవిలోకి వెళ్ళిపోయారు.

"ఏమైంది వీళ్ళకు?" అని విద్యార్థుల్లో ఒకడైన మధుకర్ కంగారుగా అడిగాడు.

రామనర్సయ్య తలవంచుకున్నాడు. అతనిది పక్కనే ఉన్న బాసగూడ. బస్తర్ సంస్థానంలో పుట్టి బి.ఏ. దాకా వెళ్ళిన రైతుబిడ్డ. సెలవుల్లో ఇక్కడ బావి తవ్వుదామని తమ సేవాసంఘాన్ని ఒప్పించింది అతనే.

"మన ఖాకీ నిక్కర్లు చూసి భయపడ్డారు. ఖాకీ బట్టలు కనిపిస్తే వెట్టికి పట్టుకుపోతారని వీళ్ళ భయం. బరువులు మోయించి, కూలి లేకుండా తరిమేస్తారు."

మరునాడు విద్యార్థులు పంచెలు కట్టుకుని తవ్వకం మొదలుపెట్టారు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చి దూరంగా నిలబడి చూశారు గానీ ఎవరూ చెయ్యి వెయ్యలేదు. మట్టి పోయి రాయి తగిలింది. అరచేతులు బొబ్బలెక్కాయి. హుంగే అనే పెద్దావిడ ఒకరోజు గుంత అంచుకు వచ్చింది. ఆమె పెనిమిటి ఎవరో దొర సామాను మోస్తూ గీదం దారిలో కూలిపోయి చనిపోయాడు.

"ఏంది బిడ్డా, ఎవరు కొట్టి చేపిస్తున్నరు మీతోని?"

"ఎవరూ కొడ్తలేరు పెద్దమ్మా. మేమే తవ్వుతున్నం, మీ ఊరి నీళ్ళ కోసం," అన్నాడు రామనర్సయ్య.

హుంగే నవ్వింది. "ఉత్తగ పని చేసేటోళ్ళం మేమే అనుకున్న. సదువుకున్నోళ్ళు చేసుడు ఇప్పుడే చూస్తున్న!" అంటూ వెళ్ళిపోయింది.

రెండురోజుల తర్వాత దౌరా మీద, అంటే ఊళ్ళ తనిఖీకి, వచ్చిన ఒక అధికారి ఊరి బయట గుడారం వేశాడు. పొద్దున్నే అతని బంట్రోతు వచ్చి మగవాళ్ళందరినీ సామాను మొయ్యడానికి రమ్మని కేకేశాడు. వాళ్ళు లేచి బయల్దేరారు.

రామనర్సయ్య పార పక్కన పెట్టాడు. గుంతలోంచి పైకి వచ్చాడు.

"వీళ్ళకు ఇక్కడ పనుంది. రారు."

"ఎవడ్రా నువ్వు?" అంటూ బంట్రోతు కర్ర ఎత్తాడు. మధుకర్ వచ్చి స్నేహితుడి పక్కన నిలబడ్డాడు. మిగతా విద్యార్థులూ వచ్చారు. కర్ర గాలిలోనే ఆగిపోయింది.

అప్పుడు హుంగే కదిలింది. చీర చెంగు నడుముకు బిగించి, నిచ్చెన మీదుగా గుంతలోకి దిగింది. గడ్డపార అందుకుని రాతి మీద వేసింది. ఆమె వెనకే ఊరి ఆడవాళ్ళు లక్మే, సోమి దిగారు. తర్వాత కేసా, బుధ్రా, మిగతా మగవాళ్ళు. లోపల చోటు చాలక కొందరు పైన నిలబడి మట్టి తట్టలు అందుకున్నారు. ఊరంతా పనిలో పడింది.

బంట్రోతు పరుగెత్తి వెళ్ళి అధికారిని వెంటబెట్టుకొచ్చాడు. అతను కేకలు వేశాడు, పేర్లు రాసుకుంటానన్నాడు. గడ్డపారల చప్పుడులో అతని మాట ఎవరికీ వినిపించలేదు. ఎండ ముదిరింది. చివరికి అతను గుంత అంచున వంగి గొంతు తగ్గించాడు.

"సరే, కూలి ఎంత కావాలి?"

ఆ ఊళ్ళో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు. రామనర్సయ్య దాన్ని వాళ్ళ భాషలో చెప్పగానే గడ్డపారలన్నీ ఒక్కసారిగా ఆగాయి. అందరూ హుంగే వైపు చూశారు.

"బావి అయినంక చెప్తమను," అంది హుంగే.

గుంతలో నవ్వులు పేలాయి. ఆ సాయంత్రం అధికారి బాసగూడ నుంచి ఎడ్లబండి బాడుగకు తెప్పించుకుని సామానుతో వెళ్ళిపోయాడు.

అంతమంది చేతులు పడ్డాక రాయి ఎంతోకాలం నిలవలేదు. ఒక మధ్యాహ్నం కేసా వేసిన దెబ్బకు పగులులోంచి నీరు చిమ్మింది. బురదనీళ్ళనే దోసిళ్ళతో తాగారు, ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. డోళ్ళు వచ్చాయి. భాష ఒక్క ముక్క రాని మధుకర్‌ను ఆడవాళ్ళు చెయ్యి పట్టి ఆటలోకి లాగారు.

ఆ వానాకాలం రాకముందే, ఉసూరు వైపు మరో రెండు ఊళ్ళు కూలి లేకుండా బరువులు మొయ్యబోమని తేల్చి చెప్పాయి. ఆ ఊళ్ళకు వెళ్ళి జరిగింది చెప్పింది హుంగే. ఆమె వెంట రామనర్సయ్య కూడా నడిచాడు, కానీ ఎక్కడా అతను మాట్లాడాల్సిన అవసరం రాలేదు.