రెండో అద్దం

గిన్నెలో పైన తేరిన నీళ్లను గులాం మెల్లగా వంపాడు. అడుగున మీగడలాంటి ముద్ద నిలిచింది. సీరియం ఉప్పును కరిగించి అమ్మోనియా నీళ్లు పోస్తే నిన్న అది తెల్లగా విరిగింది. గాలి తగిలి వంగపూవు రంగుకు తిరిగి, తెల్లారేసరికి పసుపెక్కింది. నీళ్లలో కరిగే రకం కాదు. ఆరబెట్టి, మూకుట్లో కాల్చి నూరితే అద్దానికి అంత మెరుగు మరొకటి పెట్టదు. పెట్రోమాక్స్ దీపం మాంటిల్‌లోనూ వేస్తారట, గాజులో ఆకుపచ్చ నీడ పోవడానికీ వాడతారట. నిజామాబాదులో కళ్లద్దాలు సానబట్టే గులాంకు అవన్నీ విన్న ముచ్చట్లే.

గడపలో పక్కింటి భీమవ్వ, ఒళ్లో బీడీల చాట. కళ్లద్దాలు పగిలినప్పటి నుంచి ఆమె చుట్టినవన్నీ వంకరే.

"రేపు సుత గిట్లనే తెస్తే బీడీల ఆకు ఇయ్యనన్నడు కార్ఖాన జమేదారు, అన్నా."

"పొద్దుగూకెటాల్లకు అద్దాలు ఇస్త అన్న గద!"

అతను బొగ్గుల కోసం లోపలికి వెళ్లాడు. సాయం చేద్దామనుకుందో ఏమో, పిచ్చిది, ముద్దంతా తన చాటలోకి ఒంపి ఎండలో పెట్టింది. చాట నిండా పొగాకు దుమ్ము, ఇసుక. తిరిగొచ్చిన గులాం చాటను ఎండలోంచి లాగాడు. ఒక్క ఇసుక రేణువు చాలు, అద్దం మీద గీత పడ్డట్టే.

"అయ్యో, నాకు కానరాలేదన్నా!"

"కానొస్తే నా గడపల ఎందుకు కూసుంటవు?"

కోప్పడలేదు. ముద్దను మళ్లీ నీళ్లలో కలిపాడు. ఇసుక ముందు దిగుతుంది, పైనున్న పసుపు నీళ్లు వేరే గిన్నెలోకి. మళ్లీ కలపడం, మళ్లీ వంపడం. ఎడమ చేయి పొద్దుటి నుంచి లాగుతూనే ఉంది. కాల్చి నూరేసరికి ఎండ గోడెక్కింది.

మొదటి అద్దం తెమిలింది. భీమవ్వ కంటికి పెట్టుకుంది.

"ఓ అన్నా! గడ్డం గింత తెల్లగయిందా? ఎప్పుడు ముసలోనివైనవు?"

గులాం నవ్వి రెండోది అందుకున్నాడు. ఆమె ఒంటికన్నుతో వీధికేసి తిరిగింది. "బోధన్ దిక్కు చెరుకు బండ్లు పోతున్నయి. ఎడ్ల కొమ్ములు సుత కానొస్తున్నయి."

వెనక రుద్దుడు ఆగింది.

"ముసలోడంటే అలిగినవా?"

తిరిగి చూసింది. గులాం తల గోడకు ఆనింది. చేయి పట్టి కదిపితే జారిపోయింది. ఆమె అరుపుకు లోపలి నుంచి గులాం భార్య రబియా పరుగున వచ్చింది.

మర్నాడు ఒకే అద్దమున్న ఫ్రేమును దారంతో కట్టుకుని, ఏడుస్తూనే బీడీలు చుట్టింది భీమవ్వ. జమేదారు తిప్పితిప్పి చూసి ఆకు ఇచ్చాడు.

గులాం సానబట్టే బల్లను రబియా తుడవలేదు. రుద్దేందుకు లక్కతో పిడికి అంటించిన రెండో అద్దం సగం మసకగానే ఉంది. దాని అంచున పసుపు తడి ఆరి పొడిగా లేస్తోంది.