నూట పద్నాలుగు మొక్కలు

నలభై తొమ్మిదో మొక్కకు సున్నపు చుక్క పెట్టి లేవబోతుంటే వీరేశం ఎడమ మోకాలు పట్టేసింది. డబ్బా కింద పెట్టి, నడుము మీద చెయ్యేసుకుని కాసేపు అలాగే వంగి నిలబడ్డాడు. కొత్తకోట చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ఆయిల్‌పాం మొక్కలు లెక్కపెట్టడం అతని పని. ముప్పాతిక మొక్కలు బతికి ఉంటేనే రైతుకు సర్కారు సబ్సిడీ. లేకపోతే ఆ ఏడు పైసా రాదు. యాభై నాలుగేళ్లొచ్చినా అతనిది ఇంకా కాంట్రాక్టు నౌకరీయే. ఎవరైనా "సారూ" అంటే ఇంకెవరినో పిలిచారేమో అని వెనక్కి తిరిగి చూస్తాడు.

పొలం గట్టున గుడిసె నీడలో, నులకమంచం మీద గుర్వయ్య పడుకుని ఉన్నాడు. ఊపిరితిత్తులు చెడిపోయి మూడు నెలలుగా మంచం దిగలేదు. రెండెకరాల పట్టా అతని పేరు మీదే ఉంది. లెక్క అయ్యాక అతను మొక్క పక్కన నిలబడి ఫొటో దిగాలి. అప్పుడుగానీ వీరేశం ఫోనులోని సర్కారు యాప్ ఆ లెక్కను ఒప్పుకోదు.

"జర నిమ్మళంగ చూడు సారూ," అంది గుర్వయ్య భార్య బక్కమ్మ, వెనకే నడుస్తూ. "బోరు ఎండినా ఒక్కటి సావనియ్యలే."

యాభయ్యో మొక్క దగ్గర వంగగానే వీరేశం వేలికి ముల్లు దిగింది. చిన్నప్పటి ముల్లే గుర్తొచ్చి, నెత్తుటి చుక్క చూసి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆకును వేళ్లతో తడిమి చూశాడు. అది ఆయిల్‌పాం కాదు, ఈత. వాగు ఒడ్డున మొలిచిన ఈత మొక్కను తవ్వి తెచ్చి, ఎండిన మొక్క గుంతలో నాటారు. తాటికీ ఈతకీ తేడా తెలియని ఆఫీసు ఫొటో చూసి ఏం కనిపెడుతుంది? వీరేశం తల్లి మాత్రం ఈత చీపుర్లు కట్టి అమ్మి అతన్ని పదో తరగతి దాకా చదివించింది. ఆ ఆకులు కోసి, ఆ ముళ్లు పీక్కుని పెరిగినవాడు అతను.

"ఎన్ని పెట్టినవక్కా?"

బక్కమ్మ తల దించుకుంది. "నలభై మూడు, అన్నీ ఈ దిక్కే. సగం ఆయననే తవ్విండు, మంచంల పడ్డంక సగం నేను. పైసలు రాకుంటే ఆయన మందులు బందైతయి సారూ."

దొంగలెక్క బయటపడితే నౌకరీ పోతుంది. ఈ వయసులో ఇంకొకరు పనిస్తారా? ఎవరి పొలంలోనూ ఒక్క మొక్క ఎక్కువ రాయలేదన్నది తప్ప అతనికి చెప్పుకునే గొప్ప వేరే లేదు. అయినా సున్నంలో పుల్ల ముంచి ఈత మొక్కకు చుక్క పెట్టాడు.

"యాభై," అన్నాడు.

మోకాలు సలుపుతూనే ఉంది. నూట పద్నాలుగో మొక్కకు చుక్క పడేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. భయమేస్తుందనుకున్నాడు గానీ, అలసట తప్ప అతనికి ఏమీ తెలియలేదు.

భర్తను ఫొటోకు లేపడానికి బక్కమ్మ ముందుగా పోయింది. వీరేశం చేరేసరికి ఆమె మంచం పట్టె మీద కూర్చుని కొంగుతో ఈగలు తోలుతోంది.

"లేపితే లేస్తలేడు సారూ," అంది మెల్లగా. "చల్లగైండు."

వీరేశం గుర్వయ్య పాదాలు ముట్టుకుని చూసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది. రైతును మొక్క పక్కన నిలబెట్టమని చేతిలో ఫోను ఇంకా అడుగుతూనే ఉంది. పట్టా బక్కమ్మ పేరుకు మారేసరికి ఈ ఏడు గడిచిపోతుంది. ఫోను ఆపి జేబులో వేసుకున్నాడు.

ఫొటోకని పొద్దున్నే ఉతికి కంచె తీగ మీద ఆరేసిన గుర్వయ్య తెల్లచొక్కా, మెడపట్టీ దగ్గర ఇంకా తడి ఆరలేదు.