ఖాళీ గడి

పదకొండేళ్లుగా నా పని ఒకటే. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు పంపిన నక్షత్రాల స్థానాలను పొద్దున్నే కూర్చుని సరిచూడడం. మొన్న తుది పట్టిక పూర్తయింది. సంతోషించాలి కాబోలు. నాకు నిద్ర తప్ప మరేమీ అక్కర్లేదనిపించింది.

ఆ మధ్యాహ్నం ట్యూరిన్‌లో ఎవాజియో గారింటికి వెళ్లాను. లిఫ్టు లేని నాలుగో అంతస్తు. నాకు పని నేర్పింది ఆయనే. ఇప్పుడు గుండె జబ్బుతో మంచం దిగడం లేదు. ఒక నక్షత్రం దూరం పుస్తకాల్లో ఆయన పేరు మీదే ఉంది. తొమ్మిదేళ్లు ఫొటోలు తీసి కొలిచారు. మా పట్టిక డిసెంబరులో గానీ బయటికి రాదు, అందాకా ఎవరికీ చెప్పకూడదు. డాక్టరు ఆయనకిచ్చిన గడువు అక్టోబరు.

నేను తెచ్చిన సూపు ఆయన ముట్టుకోలేదు.

"నా నక్షత్రం సంగతి చెప్పు."

"డిసెంబరు దాకా నోరు విప్పకూడదని మీకు తెలీదేంటండీ?"

"నేనెవరికి చెబుతానమ్మా? పైకెళ్లి చాటింపు వేస్తానా?"

నాకు విసుగొచ్చింది. వాదించే ఓపిక లేక చెప్పేశాను.

"లెక్క కుదరలేదు. అది ఒకటి కాదట, జంట. ఒకదాన్నొకటి లాక్కుంటూ ఊగుతున్నాయి. దూరం గడి ఖాళీగా వదిలేశాం. ఇకమీదా మీ అంకే వాడతారు, బెంగపడకండి."

ఆయన గోడవైపు తిరిగారు.

"ఆ అంకె తప్పు, ఫియోరెన్సా."

చలికి ఆగలేక ఏటా శీతాకాలమంతా టెలిస్కోపు పక్కనే కిరోసిన్ స్టవ్వు వెలిగించుకునేవారట. ఆ వేడిగాలికి ఫొటోల్లో నక్షత్రం చెదిరింది. ఆ సంగతి తట్టేసరికి అంకె అచ్చయిపోయింది, ప్రొఫెసర్ పదవీ వచ్చేసింది.

"ఎప్పటికైనా మీ టెలిస్కోపులాంటిది వచ్చి దిద్దేస్తుంది, నేను నోరు తెరవక్కర్లేదనుకున్నా. నలభై ఏళ్లు ఎదురుచూశా."

నాకు సిగ్గేసింది. ఆ ఖాళీ గడి చూసినప్పుడు ఆయన పరువు నిలిచిందని లోలోపల సంబరపడ్డాను.

"ఇప్పుడెవరు దిద్దుతారు?" అన్నారు.

సూపు గిన్నె పక్కకు జరిపి, కాగితం, పెన్ను ఆయన చేతి దగ్గర పెట్టాను.

"లేచి రాసే ఓపిక లేదమ్మా."

"మీరు చెప్పండి, నేను రాస్తాను. సంతకం మాత్రం మీరే పెట్టాలి."

ఆయన పెన్ను నా వైపు జరిపారు.

"ముందు స్టవ్వు సంగతి రాయి."