నలభై ఒకటో గ్లాసు

ఉదయ్ పాస్టరు గారు అడిగింది బల్ల మీద పరచడానికి గుడ్డ. సోములమ్మ సరిగ్గా వినపడని ఎడమ చెవికి అందింది గుడ్డు. ఒక్క కొమ్ము అడ్డొచ్చి, ఉతికిన తెల్లబట్ట రావలసిన చోటికి పెట్ట కింద నుంచి వెచ్చటి గుడ్డు వచ్చి ఆయన అరచేతిలో కూర్చుంది.

"ఉడకెట్టీమంతారా అయ్యగారూ, పచ్చిదే తాగెత్తారా?"

ఆయన కొండకు కొత్త. గుడ్డునూ ఆమెనూ మార్చి మార్చి చూశారు. "గుడ్డమ్మా. బల్ల మీద వేసేది."

"అదా," అని ఆమె గుడ్డు వెనక్కి తీసుకుంది.

అరకులోయలో జీపు దిగి గంటసేపు కొండెక్కితే వచ్చే ఆ ఊరి చర్చిలో బల్లలు పన్నెండు, బల్ల ఒక్కటే. పన్నెండూ జనం కూర్చోడానికి. ఆ ఒక్కటీ ప్రభువుది. నెల మొదటి ఆదివారం దాని మీద రొట్టె, ద్రాక్షారసం పెట్టి సంఘానికి పంచుతారు. పదమూడింటినీ తుడిచేది సోములమ్మే. తుడవడానికి తప్ప ఆమె ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లి పందొమ్మిదేళ్లయింది.

మనవరాలు బేబి నెలల పిల్లగా ఉన్నప్పుడు జ్వరమొచ్చి కళ్లు తేలేసింది. సోములమ్మ ప్రార్థన చేసింది. జీపు కోసం చూసింది. జీపు రాకపోతే వెళ్లి కొండ దేవతకు కోడిని కోసింది. ప్రార్థనకు తగ్గిందో కోడికి తగ్గిందో జ్వరం చెప్పిపోలేదు. అప్పటి పాస్టరు గారు మాత్రం ఆమెను సంఘం ముందు నిలబెట్టి, "నేను పిలిచేదాకా బల్ల దగ్గరికి రావద్దు" అన్నారు. రెండు నెలలు తిరక్కుండా ఆయన జబ్బుపడి కొండ దిగారు. మళ్లీ ఎక్కలేదు. పిలిచేవారు పోయారు, సోములమ్మ ఆగిపోయింది. తర్వాత వచ్చినవాళ్లకు సంగతి తెలియదు. ఆమె చెప్పలేదు. అడిగి పిలిపించుకుంటే అది పిలుపెలా అవుతుంది?

ఈ ఆదివారానికీ ముందురోజే నానబెట్టిన ఎండుద్రాక్షను మరిగించి, పాత చీరముక్కలో వేసి పిండింది. కాఫీ పళ్లు కోసి కోసి నల్లబడ్డ వేళ్ల పగుళ్లలోకి ఆ రంగూ దిగింది. దగ్గుమందు మూతంత గాజు గ్లాసుల్ని వేడినీళ్లలో వేసి, ఒక్కొక్కదాంట్లో చిటికెన వేలు పెట్టి తిప్పి కడిగింది. కన్నాల పళ్లెంలో నలభై పట్టాయి. నలభై ఒకటోది నింపి వంటగది కిటికీలో పెట్టుకుంది. ప్రతి నెలా అంతే. ఎవరైనా పిలిస్తే, గ్లాసు లేదన్న మాట రాకూడదు. ఆరాధన అయ్యాక దాన్ని పెరట్లో కాఫీ మొక్క మొదట్లో పోస్తుంది. ప్రభువు రసం తూములో పారబోయకూడదు. పందొమ్మిదేళ్లుగా ఆమె బదులు ఆ మొక్కే ప్రభు సంస్కారం తీసుకుంటోంది.

తలుపు సందులోంచి చూసింది. సంఘ పెద్ద ఫల్గుణ పళ్లెం పట్టుకుని వరసలన్నీ తిరిగాడు. ముందు వరసలో బేబి కళ్లు మూసుకుని తాగింది. పాస్టరు గారు తలెత్తి, "ఇంకా ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

సోములమ్మ మంచి చెవికి ఆ మాట సరిగ్గానే అందింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఒక అడుగు వేసింది.

"అందరికీ అయిపోనాదండి," అన్నాడు ఫల్గుణ.

ఆమె అడుగు వెనక్కి తీసుకుంది.

ఖాళీ గ్లాసులు వచ్చాయి. నలభై కడిగింది, నలభై బోర్లించింది. బయటికెళ్లి, ఎండ పడుతున్న గోడకు ఆనుకుని కూర్చుంది.

కాసేపటికి బేబి వచ్చింది. "మామ్మా, అన్నానికి రా బేగి." పలకలేదు. తను నిలబడింది ఎడమ చెవి వైపని గుర్తొచ్చి, కుడి వైపుకు తిరిగొచ్చి మళ్లీ పిలిచింది.

మర్నాడు పొద్దున్న, సోములమ్మను సమాధి చేసే ముందు, పేరు పక్కన తేదీ వెయ్యడానికి ఫల్గుణ సభ్యుల పుస్తకం తెచ్చాడు. పాస్టరు గారు పాత పేజీ చదివారు: 'సోములమ్మ. విగ్రహారాధన. మూడు నెలలు బల్లకు దూరం. పిమ్మట చేర్చుకోవలెను.'

కింద ఏమీ లేదు.

"చేర్చుకున్నారా?"

"అది నా రాతేనండి," అన్నాడు ఫల్గుణ. "పాత అయ్యగారు సెప్తే రాసినాను. మూడు నెల్లే. ఆయనెల్లిపోనారు. అదే అయిపోయుంటాదనుకున్నాను."

"మరి ఈవిడ ఎప్పుడు తీసుకునేది?"

"వండినోలు ఆఖర్న తింతారు కదండి. వంటింట్లో తీసుకుంటాదనుకున్నాం."

బేబి గోడకేసి చూస్తూ అంది. "నెలనెలా ఓ గ్లాసు నింపి అట్టీపెట్టుకునేది. తాగుతాదనే నానూ అనుకున్నాను."

ఫల్గుణ పుస్తకం పట్టుకుని బయటికొచ్చి, చేరిన జనానికి మొదట్నుంచీ చెప్పాడు: కోడి, మూడు నెలలు, రాని పిలుపు. వెనకున్నవాళ్లకు వినపడలేదంటే రెండోసారి చెప్పాడు. పెట్టె మీద కప్పడానికి గుడ్డ కావాలన్నారెవరో. పాస్టరు గారు లోపలికెళ్లి ప్రభువు బల్ల మీది గుడ్డ తీసుకొచ్చి ఇచ్చారు.

వంటగది కిటికీలో నలభై ఒకటో గ్లాసు నిండుగానే ఉంది. దాని అంచు మీద ఒక చీమ, లోపలికి దిగకుండా, చుట్టూ తిరుగుతోంది.